పొలిమేర లేని ఊరు



నేడు నేనొక మాటను గూర్చి మనవి చేయుటకు వచ్చితిని. ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు మాటల యర్థములు చెప్పి జీతము పుచ్చుకొన్నవాడను గనుక నాకు మాటలే ఆస్తి. అట్టి నేను ఒకప్పుడు నలుగురి నడుమ కూర్చుండి ఒక మాటకు తప్పర్థము చెప్పితిని. దానివలన ఒక కుటుంబమునకు నష్టము కలిగినది. ఆ మాట యేదో, అది ఏ వంశమున బుట్టినదో, దానికి గల బలమెంతయో పల్లెలలోని పెద్దలు తెలిసికొనుట యవసరమని తోచి ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

మా ఊరు కృష్ణకు దక్షిణపు దిక్కున, బెజవాడకు సమీపమున నున్నది. పేరు చెప్పను. చెప్పినచో నష్టపోయిన వారిని వేలెత్తి చూపినట్లగును. నా చిన్నతనమున బెజవాడకు పోవుట యనగా ప్రయాణమే. మా ఊరి చివర పోలేరమ్మ గుడి, దానిని దాటిన డొంక, డొంకకు ఇరుప్రక్కల మాగాణి, తరువాత నొక పల్లె, మరల చేలు, మరల నొక పల్లె. అట్లు పోగా పోగా 1957లో తెరచిన ప్రకాశము బ్యారేజి, దాని కావల పట్టణము. పోలేరమ్మ గుడి దాటునప్పుడు మా నాయనమ్మ చేతులు జోడించి, "ఊరు దాటుతున్నాం" అని మెల్లగా అనెడిది. నేడును ఆ గుడి యచటనే యున్నది. కాని దాని కిటును దుకాణములే, అటును దుకాణములే. ఊరెచట ముగిసినదో, పొరుగూరెచట మొదలైనదో అంగళ్లపై వ్రాసిన చిరునామాలు చదువుకొన్న గాని తెలియదు.

2013వ సంవత్సరమున, వేసవికాలమున, మా ఊరి చావడివద్ద పదిమందిమి కూర్చుండియుంటిమి. చదువుకొన్న కుర్రవాడొకడు 2011 జనగణన పట్టిక నొకదానిని అచ్చువేయించి తెచ్చెను. అందు పైని 'విజయవాడ అర్బన్ అగ్లామరేషన్' అనియు, దానిక్రింద వరుసలో మా ఊరి పేరును, ఆ పేరు ప్రక్కన 'అవుట్ గ్రోత్' అనియు నుండెను. "పంతులుగారూ, ఇదేమిటో కాస్త విప్పి చెప్పండి" అని పెద్దలు నాచేతి కిచ్చిరి.

నేను కండ్లద్దములు సవరించుకొని చెప్పితిని. అవుట్ అనగా వెలుపలికి, గ్రోత్ అనగా పెరుగుదల. పట్టణము పెరిగి పెరిగి వెలుపలికి మొలక వేసినది, ఆ మొలక మన యూరు. అంతవరకు బాగుగనే యున్నది. అచట ఆగక, "అనగా ఇకమీదట మనది పల్లె కాదు, పంచాయతీ పోయినట్లే, అంతయు పట్టణమువారి చేతిలోనికి పోవును" అనికూడ అంటిని. పట్టికలో ఆ మాట లేదు. నా యూహను నేను అర్థముగా జెప్పితిని. అదియే నా తప్పు.

అచటనున్న పెద్దరైతొకరు వెంటనే, "పంతులుగారూ, బెజవాడకు మునిసిపాలిటీ రాకముందునుంచీ మా తాతముత్తాతలు ఇక్కడే దున్నుకున్నారు. మనం వాళ్ల వంటిమీద మొలిచిన కాయ ఎట్టా అవుతామండీ?" అనిరి. అందరును నవ్విరి. ఆయన చెప్పినది యథార్థము. బెజవాడ పురపాలక సంఘ మేర్పడినది 1888లో. మా ఊరి దేవాలయము అంతకంటె పాతది.

నవ్వనివాడు ఒక్కడుండెను. ఎకరము పాతిక సెంట్ల భూమిగల మా వీధి రైతు. పంచాయతీ పోవును, భూమి పట్టణములో కలిసిపోవును అను నా మాట అతని మనస్సులో నాటుకొన్నది. ఆ మాటనే పెంచి చెప్పి బేరము కుదిర్చిన మధ్యవర్తియు దొరికెను. నెల తిరుగకమునుపే పొలము చేయి మారినది. ఆ జూలైలోనే మా ఊరికి పంచాయతీ ఎన్నికలు యథాప్రకారము జరిగినవి. పోయినదని నేను చెప్పిన పంచాయతీ సర్పంచితో సహా చావడిలో వచ్చి కూర్చున్నది. మరుసటి సంవత్సరము రాష్ట్రము విడిపోయి, రాజధాని మా ప్రాంతమునకు వచ్చునను వార్త పుట్టి, భూముల ధరలు ఎన్నియో రెట్లు పెరిగినవి. ఆ రైతు నన్నొక్క మాటయు అనలేదు. అతని భార్య మాత్రము ఒకనాడు మా యింటికి మజ్జిగ తెచ్చి యిచ్చుచు, "అన్నయ్యగారూ, ఆ రోజు మీరు చదివిన కాయితంలో మా పొలం పోతుందని ఉందాండీ?" అని అడిగినది. "లేదమ్మా" అంటిని. ఆమె మరేమియు అనక వెడలిపోయినది. ఆనాటినుండి ఆ మాట వెంట పడితిని.

పడి తెలిసికొన్న సంగతులు వరుసగా మనవి చేసెదను.

పట్టికపైనున్న 'అగ్లామరేషన్' అను పదమునకు మూలము లాటిను భాషలో నున్నది. ఆ భాషలో నూలు ఉండకు 'గ్లోముస్' అని పేరు. మంగళగిరి నేతగాండ్రు నూలును చుట్టగా చుట్టగా ఉండ పెద్దదగును గదా, ఆ విధముగా ఒకదానిమీద నొకటి చుట్టుకొని పెరిగినది యని దాని భావము. మన దేశపు జనగణనవారు 1971నుండి ఆ పదమును వాడుచున్నారు. అంతకుముందు 1961లో 'పట్టణముల గుంపు' అను నర్థమిచ్చు మాట వాడిరి. ఆ 2011 పట్టికలోని విజయవాడ ఉండలో ఏటి కావలనున్న మంగళగిరి, తాడేపల్లి కూడ చుట్టుకొన్నవి. అందరిని కలిపి లెక్కింపగా సుమారు 14 లక్షల 76 వేల జనము. రెండు జిల్లాలను విడదీయుచు ఎన్నో యేండ్లుగా పొలిమేరగా నిలిచిన కృష్ణానదిని లెక్కలవారు ఒక్క గీతతో దాటిరి.

ఈ పదమునకు ముందు పుట్టిన అక్కయొకతె కలదు. దాని పేరు 'కొనర్బేషన్'. లాటినులో 'అర్బ్స్' అనగా నగరము. 'కొన్' అను ఉపసర్గకు మన 'సమ్' అను ఉపసర్గవలె కూడిక యని యర్థము. కావున కూడిన నగరములని పిండితార్థము. ఈ పదమును కల్పించినవాడు పాట్రిక్ గెడ్డిస్ అను స్కాట్లండు పండితుడు. 1854లో బుట్టి 1932లో గతించెను. ఆయన మొదట చెట్లశాస్త్రము బోధించిన ఆచార్యుడు. మొక్క నేలలో పాతుకొని చుట్టుప్రక్కలకు ఎట్లు అల్లుకొనునో చూచిన కన్నులతోనే ఊళ్లనుగూడ చూచెను. 1915లో అచ్చైన 'సిటీస్ ఇన్ ఎవల్యూషన్' అను గ్రంథమున ఈ పదమును లోకమునకు తెలిపెను.

ఆయనకును మనకును ఒక సంబంధమున్నది. ఆయన నగరములకు సంబంధించిన పటములు, చిత్రములు సేకరించి ఊరూర ప్రదర్శించుచుండెడివాడు. 1914లో ఆ ప్రదర్శన సామగ్రి ఓడపై మన దేశమునకు వచ్చుచుండగా జర్మనుల యుద్ధనౌక 'ఎమ్డెన్' ఆ ఓడను ముంచివేసెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రి చెన్నపట్టణముపై గుండ్లు కురిపించిన ఎమ్డెనే యది. కూర్చినదంతయు సముద్రము పాలైనను గెడ్డిసు నిరాశపడలేదు. మిత్రులు మరల సేకరించి పంపగా 1915లో చెన్నపట్టణముననే ప్రదర్శన తెరచెను. పిదప మన దేశమున అనేక పట్టణములు కాలినడకను తిరిగి చూచి నివేదికలు వ్రాసెను. పాత వీధులను పడగొట్టి తిన్నని బాటలు వేయుటయే మేలను ఇంజనీర్ల మాటను ఆయన ఒప్పుకొనలేదు. దోమలకు వెరచి చెరువులను పూడ్చవలదనియు, చేపలను పెంచి చెరువులను కాపాడుడనియు చెప్పెను. 1919 మొదలు కొన్ని సంవత్సరములు బొంబాయి విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండెను.

ఇక ఆ పద మేల కావలసివచ్చెను? ఇంగ్లండు దేశపటమున ఊళ్లు వేరువేరు చుక్కలుగా నుండును. కాని జనులెచటెచట దట్టముగా నున్నారో చూపు పటమును గెడ్డిసు పరిశీలింపగా ఆ చుక్కలు కనబడలేదు. సిరా ఒలికినట్లు మరకలు కనబడెను. లంకాషైరునందు బొగ్గుగనులు, నూలుమిల్లులు, రైలుమార్గములు పెరిగి, ఒక ఊరి చివరి యిల్లు మరియొక ఊరి మొదటి యింటిని తాకెను. లండను నగరము సముద్రములో పగడపుదిబ్బవలె నలుదిక్కుల వ్యాపించెను. వీనిని నగరములందమా, అనేక నగరములున్నవి. జిల్లాలందమా, పొలమే లేదు. నక్షత్రమండలమువంటి సుందరమైన పేరు పెట్టుటకు ఆయన మనసొప్పలేదు, అంత అందము వానికి లేదు గనుక. కుప్ప యనుటకును మొగమాటపడెను. చివరకు ఈ నడిమి పదమును కుట్టెను.

కనుక మహాశయులారా, ఆ పదమునకు ముఖ్యార్థము పెద్దతనము కాదని గమనింపగోరెదను. ఒక నగరము ఎంత పెద్దదైనను, దాని చుట్టును చేలుండి, చేల కావల వేరు ఊరున్నచో, అది కొనర్బేషన్ కానేరదు. వేరువేరుగా బుట్టి, వేరువేరు పేర్లు గల ఊళ్లు పెరిగి, ఒండొంటిని తాకి, నడుమ పొలము లేకుండ పోయినపుడే ఆ పదము చెల్లును. అది నగరమునకు పేరుగాదు, పొలిమేర మాసిపోయిన స్థితికి పేరు.

పదము పుట్టిన పిమ్మట ప్రభుత్వములును దానిని చేపట్టినవి. 1951 జనగణనలో ఇంగ్లండునందు లండను, మాంచెస్టరు పరిసరములు మొదలుగా ఆరు కొనర్బేషనులను లెక్కకు దీసికొనిరి. జర్మనీలో రూర్ అను ఏటి ప్రాంతమున ఎసెన్, డార్ట్‌మండ్, బోకుమ్ మొదలగు బొగ్గూళ్లు కలిసిపోయినవి. ఆ కలిసినదానికి ఏ యొక్క నగరము పేరును పెట్టక, ఏటి పేరు పెట్టుకొన్నారు. డచ్చివారి దేశమున ఆంస్టర్‌డాము, రాటర్‌డాము, హేగు, ఉట్రెక్టు నగరములు వలయముగా పెరిగినవి. ఆ వలయమునకు వారు పెట్టిన పేరునకు 'అంచు నగరము' అని యర్థము. నడుమ మిగిలిన పచ్చిక బయళ్లకును పేరు పెట్టిరి, 'పచ్చని గుండె' యని. ఇండ్లు కట్టిన చోటికే గాక కట్టని చోటికిని పేరు పెట్టిన వారి వివేకము నాకు నచ్చినది. పేరు లేనిది బీడు. పేరు గలది ఆస్తి.

అమెరికాలో బోస్టను మొదలు వాషింగ్టను వరకు సుమారు 400 మైళ్ల పొడవున నగరములు గొలుసుగా పెరుగగా, ఝాఁ గోట్‌మన్ అను ఫ్రెంచి భూగోళశాస్త్రజ్ఞుడు 1961లో దానిని 'మెగలోపొలిస్' అనెను. ఇది గ్రీకు పదము. మెగ అనగా మహత్తు. పొలిస్ అనగా పురము. గ్రీకు 'మెగ'యు మన 'మహ'యు, గ్రీకు 'పొలి'యు మన 'పుర'యు ఒకే తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. అనగా ఆ పాశ్చాత్యపదము మనకు చుట్టమే, మహాపురము.

ఇక మన యింట వెదకుదము. పదియేండ్ల వయస్సున అమరకోశము వల్లించినపుడు పురవర్గమున రెండు మాటలు చదివితిని. మొదటిది మూలనగరము, దానికి వేరుగా సమీపమున నుండునది శాఖానగరము. చెట్టునకు కొమ్మవంటి దన్నమాట. దీనినే మన తెలుగులో పేట యందుము. కోటకో పట్టణమునకో ఆనుకొని పెరిగిన వాడ పేట. ఆ వర్గముననే మూడవ మాట యొకటి కలదు, ఉపశల్యము. ఊరి చివరనుండు బయలునకు ఆ పేరు. ఆనాడు గురువుగారు దెబ్బలు కొట్టి వల్లె వేయించినపుడు ఇదెందులకు పనికివచ్చునని యేడ్చితిని. ఊరికి చివర యనునది వేరే పేరు పెట్టదగిన వస్తువని ఆ నిఘంటుకర్త యెరిగెనని ఈ వయస్సున దెలిసినది.

తెలుగున మనకు పొలిమేర కలదు. పొలము, మేర యని దానిని విడదీసి చెప్పుట వాడుక. గ్రామదేవతల జాతరలలో పొలి చల్లునపుడు ఊరంతయు ఆ హద్దువెంట తిరిగి వచ్చును. ఊరి నడుమ బొడ్డురాయి, ఊరి చివర పొలిమేర. ఈ రెండింటి నడుమ నున్నదే ఊరు. పట్టణములు వచ్చి కలిసినపుడు బొడ్డురాళ్లు పోవు. పోవునది పొలిమేర.

కలిసిన ఊళ్లకు మనవారు పెట్టుకొన్న పేర్లును కలవు. 1591లో వెలసిన హైదరాబాదును, 1806లో ఆ పేరు పొందిన సికింద్రాబాదును హుస్సేన్‌సాగరు చెరువు కిరువైపుల పెరిగినవి. 1960లో రెండు పురపాలక సంస్థలు నొక్కటైనవి. అయినను జనులు 'జంటనగరములు' అనుట మానలేదు. ఓరుగల్లు, హనుమకొండ, కాజీపేట కలిసిన చోటును పత్రికలవారు 'త్రినగరి' యందురు. ఎన్ని కలిసినవో లెక్క చెప్పుచున్నవి గనుక ఇవి నాకు ప్రియమైన మాటలు. 2007లో హైదరాబాదు నగరపాలక సంస్థతో 12 పురపాలకములు, 8 గ్రామములు కలిసినపుడు ఇట్టి లెక్కమాట పుట్టలేదు. 'గ్రేటర్' అను ఇంగ్లీషు విశేషణ మొక్కటే వచ్చి ముందు నిలిచినది. కూకట్‌పల్లి, ఉప్పలు, మల్కాజిగిరి, పటాన్‌చెరువు అను పేర్లు జనుల నోళ్లలో నిలిచినవి గాని ఆ విశేషణములో వినబడవు.

కొనర్బేషనునకు సంస్కృతమున సరియైన పదము కట్టవలెనని నేను కొన్నాళ్లు తంటాలు పడితిని. 'సమ్' అను ఉపసర్గను 'నగర' శబ్దమునకు చేర్చగా సంధివలన 'సన్నగరము' అయ్యెను. సంతోషించి నా మిత్రుడగు మరియొక పండితునకు చెప్పగా, "సత్ అను శబ్దమునకు నగరము చేర్చినను సన్నగరమే యగును గదా! మురుగుకాలువలు పొంగు ఆ గుంపును మంచి నగర మందువా?" అని ఆయన నవ్వెను. తెలుగువాడు వినినచో సన్నని ఊరనుకొనును. ఆ పదమును విడిచితిని.

అప్పుడు వ్యాకరణమే నాకు దారి చూపినది. సమాసములలో తత్పురుషము కలదు. రాజభటుడు అన్నచో ముఖ్యుడు భటుడు, రాజు వానికి విశేషణము మాత్రమే. ద్వంద్వసమాసము వేరు. రామలక్ష్మణులు అన్నచో ఇరువురును ముఖ్యులే, ఒకరు మరియొకరికి విశేషణము కారు. ద్వంద్వముననే సమాహారమని మరియొక భేదము. పాణిపాదము అన్నచో చేతులు, కాళ్లు కలిసి ఒక్క ముద్దయై ఏకవచనమగును. ఇప్పుడు చూడుడు. 'అవుట్ గ్రోత్' అన్న మాట మా ఊరిని తత్పురుషములోని విశేషణమును చేసినది, పట్టణపు మొలక యని. 'అగ్లామరేషన్', 'కొనర్బేషన్' సమాహారములు. ఊళ్లన్నియు ఒక్క ముద్ద. జంటనగరములు మాత్రము రామలక్ష్మణులవలె బహువచనము నిలుపుకొన్నవి. మా ఊరి వృద్ధులు ఈ సంగతిని చదువక యెరుగుదురు. వారు ఆ బాట వెంబడి చేయి చూపి, "అవన్నీ కలిసిన ఊళ్లండీ" అందురు. కలిసిన వనుటయు కలదు, ఊళ్లనుటయు కలదు. దీనికంటె మేలైన యనువాదము నేను కట్టజాలను.

అయినను మాటయొక్క అందము తెలిసిన చాలదు, దాని బలముగూడ తెలియవలెను. నేనానాడు తప్పినది ఇచటనే. ఒక ఊరిని గూర్చి ప్రభుత్వపు కాగితములలో మూడు విధములైన మాటలు వచ్చును. వానిని కలగలుపరాదు.

మొదటివి లెక్కమాటలు. అర్బన్ అగ్లామరేషన్, అవుట్ గ్రోత్, సెన్సస్ టౌన్ ఇట్టివి. 2011 జనగణనలో, పురపాలకము లేకున్నను, 5,000 మంది కనీసజనము, పనిచేయు పురుషులలో నూటికి 75 మంది వ్యవసాయేతర వృత్తులవారు, చదరపు కిలోమీటరునకు 400 మంది యున్న ఊరిని సెన్సస్ టౌనుగా లెక్కించిరి. ఈ మాటలు జనులను ఎంచుటకే. వీనివలన పంచాయతీ రద్దు కాదు, సెంటు భూమియు చేయి మారదు.

రెండవవి ప్రణాళికమాటలు. నగరాభివృద్ధి సంస్థ యనునది ఈ తరగతి. మా ప్రాంతమున విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పేర్లతో 1978లో నొక సంస్థ యేర్పడినది. 2014 డిసెంబరులో దాని స్థానమున రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ వచ్చినది. ఇట్టిదాని పరిధిలోనికి వచ్చిన ఊరికి పంచాయతీ యుండును. కాని ఇండ్ల స్థలములు వేయుటకు, భూమిని వేరొక పనికి మార్చుటకు ఆ సంస్థ నియమములు వర్తించును. కావున ఇట్టి కాగితము వచ్చినపుడు పటము తెప్పించుకొని, మన చేలకు ఏ రంగు వేసినారో చూడవలెను.

మూడవవి పాలనమాటలు. ఫలానా గ్రామమును ఫలానా పురపాలకములో విలీనము చేయుచున్నామని వెలువడు ప్రకటన ఈ తరగతి. దీనితోనే పంచాయతీ పోవును, పన్ను మారును, సర్పంచికి బదులు వార్డు సభ్యుడు వచ్చును. భయపడవలసినను, సంతోషింపవలసినను ఈ మూడవదానికే.

మరియొక మాట మన రాజ్యాంగముననే యున్నది. 1992 నాటి డెబ్బదినాల్గవ సవరణ 'మెట్రోపాలిటన్ ప్రాంతము' అను దానికి అర్థము చెప్పినది. పది లక్షలకు తక్కువ గాని జనముండి, రెండో అంతకు మించియో పురపాలకములు గాని, పంచాయతీలు గాని, ఒకదాని నొకటి ఆనుకొన్న ఇతర ప్రాంతములు గాని కూడినదై, గవర్నరు ప్రకటించిన ప్రాంతమని భావము. అట్టి ప్రాంతమునకు ప్రణాళిక వేయు సంఘములో మూడింట రెండువంతులకు తగ్గకుండ సభ్యులను, ఆ ప్రాంతపు పురపాలకముల సభ్యులును పంచాయతీల అధ్యక్షులును తమలోనుండి జనసంఖ్య నిష్పత్తి ననుసరించి ఎన్నుకొనవలెనని విధించినది. అనగా పల్లెల తరఫున సర్పంచికి అచట కూర్చుండు హక్కు కలదు. ద్వంద్వసమాసము రాజ్యాంగములోనే యున్నది; అడిగి నిలుపుకొనుట మన పని.

పట్టణము కలియుట కీడే యని నేను చెప్పుటకు రాలేదు. మా నాయనమ్మ కాలమున కాన్పు కష్టమైనచో బండి కట్టి ఏరు దాటించువరకు తల్లి బ్రదుకునో లేదో తెలియకుండెడిది. ఇప్పుడు వైద్యశాల పదినిమిషముల దూరమున నున్నది. ఆడపిల్లలు ఉదయము కళాశాలకు పోయి సాయంకాలమునకు ఇల్లు చేరుచున్నారు. ఇవి చిన్న మేళ్లు కావు. 1985లో విజయవాడలో కలిసిన గుణదల, పటమట, భవానీపురము నేటికిని ఆ పేర్లతోనే జీవించుచున్నవి. కలియుట యనగా పేరు చచ్చుట కానక్కరలేదు.

కావున పెద్దలకు నా విన్నపము. మీ ఊరును పట్టణము తాకకమునుపే, కూర్చుండి, గ్రామపటమును ముందు పెట్టుకొని, చెరువు, డొంక, వాగు, శ్మశానము, పశువుల బీడు, వీని సర్వే నంబర్లు ఒక పుస్తకమున వ్రాయించుడు. ప్రతిదానికిని జనులు పిలుచు పేరుకూడ వ్రాయించుడు. పేరు లేని గుంటను పూడ్చుట తేలిక. నాలుగు తరములు పేరు పెట్టి పిలిచిన చెరువును పూడ్చుటకు చేయి వణకును. కాగితము వచ్చినపుడు మొదట నడుగవలసిన ప్రశ్న, ఇది లెక్కమాటయా, ప్రణాళికమాటయా, పాలనమాటయా యని. ఆ సమాధానము వ్రాతపూర్వకముగా దొరకువరకు సెంటు భూమియు అమ్మవలదు. చదువుకొన్నవాడు చెప్పినాడని నమ్మవలదు. నావంటి పంతులు చెప్పినను నమ్మవలదు. 2027లో మరల జనగణన జరుగునని 2025లో ప్రకటన వెలువడినది. దాని పట్టికలు వచ్చినపుడు ఎన్ని చావడులలో ఎందరు పంతుళ్లు కండ్లద్దములు సవరించుకొందురో!

ఆ రైతు దంపతుల యింటికి క్రిందటి నెల పోతిని. భూమి లేదు, కుమారుని సంపాదనమీద కాలము గడుపుచున్నారు. "ఈ సంగతి రేడియోలో చెప్పుదుననుకొనుచున్నాను, మీకు సమ్మతమేనా?" అని యడిగితిని. రైతు కొంతసేపు మాటాడలేదు. "చెప్పండి పంతులుగారూ. మా పేరు మాత్రం వద్దు, ఊరి పేరూ వద్దు. తక్కినదంతా చెప్పండి" అనెను. అతని యాజ్ఞ ప్రకారము చెప్పితిని.

సెలవు.